కాసుల పేరు, తెరవని లాకరు: విలువ లెక్క ఎక్కడ దారి తప్పుతుంది?

సంక్షిప్తంగా

నాణేలతో చేసిన నగకు ధర కట్టాలంటే మొత్తం తూకం ఒక్కటే చాలదు. అందులోని కాసులు టంకశాల నాణేలా, కంసాలి అచ్చువేసినవా అన్నది తేలాలి. రాళ్ళు, లక్క, అతుకులు పోగా మిగిలిన బంగారం ఎంతో, దాని వన్నె ఎంతో తెలియాలి. నగ బ్యాంకు లాకరులో ఉండిపోయి, అద్దెకు తీసుకున్న వ్యక్తి మరణించినా, ఆచూకీ లేకుండా పోయినా ఈ వివరాలు చెప్పగలిగేవారు ఎవరూ మిగలరు, ఎందుకంటే లాకరులో ఏముందో బ్యాంకు వద్ద నమోదు ఉండదు. రిజర్వు బ్యాంకు 2021లో ఇచ్చిన నిబంధనలు, 2025లో వచ్చిన నామినేషన్, క్లెయిము మార్పులు హక్కుల ప్రక్రియను సులభం చేశాయి. నగ విలువను రుజువు చేసే భారం మాత్రం ఇప్పటికీ కుటుంబం మీదే ఉంది.

2025లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలు దాటింది. అదే ఏడాది నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాలకు, లాకర్లకు కొత్త నామినేషన్ నిబంధనలు అమలులోకి వచ్చాయి. ఒకప్పుడు ‘పాత నగలు ఉన్నాయిలే’ అనుకుని వదిలేసిన లాకరు ఇప్పుడు కొన్ని కుటుంబాలలో ఇంటి స్థలమంత ఆస్తి అయింది. దానితో పాటు రెండు ప్రశ్నలు ముందుకు వచ్చాయి: ఆ నగ ఎంత చేస్తుంది, అది ఎవరికి చెందుతుంది. వీటిలో మొదటిది కంసాలిని, రెండోది వకీలును అడగవలసిన విషయంగా చూడడం అలవాటు. ఆచరణలో ఈ రెండూ ఒకే కాగితం దగ్గర కలుస్తాయి. లాకరు తెరిచిన రోజున రాసే వస్తువుల జాబితాయే ఆ కాగితం.

అసలు నాణేలా, అచ్చు కాసులా

తెలుగు ఇళ్ళలో కాసుల పేరు అని పిలిచే హారాలు ఒకే రకానివి కావు. మొదటి రకంలో బ్రిటిష్ బంగారు నాణేలైన సావరిన్లకు కొండీలు అతికించి గుచ్చుతారు. ఒక వైపు విక్టోరియా రాణి, ఏడో ఎడ్వర్డు, అయిదో జార్జి వంటి పాలకుల తల, మరో వైపు చాలావాటిలో గుర్రం మీద నుంచి సర్పాన్ని వధిస్తున్న వీరుడి బొమ్మ ఉంటాయి. సావరిన్ బరువు 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, వన్నె 22 క్యారెట్లు. అందులోని మేలిమి బంగారం 7.322 గ్రాములు. కోస్తా జిల్లాలలో బంగారాన్ని కొలిచే ‘కాసు’ ఎనిమిది గ్రాములుగా స్థిరపడినది ఈ నాణెపు తూకం మీదే.

రెండో రకంలో ఉండేవి లక్ష్మీదేవి బొమ్మను పలుచటి రేకు మీద అచ్చువేసిన బిళ్ళలు. ఇవి నాణేలు కావు, ఏ ప్రభుత్వమూ ముద్రించినవి కావు. ఒక్కో బిళ్ళ గ్రాముకు లోపే ఉండవచ్చు. ఇప్పుడు దుకాణాలలో కనిపించే కాసుల పేర్లలో అత్యధిక భాగం ఈ రకానివే.

ఈ రెండింటినీ వేరు చేయడానికి నిపుణుడు కూడా అక్కరలేదు. 40 కాసులున్న హారం నిజంగా సావరిన్లతో చేసినదైతే నాణేల బరువే 320 గ్రాముల దగ్గర ఉండాలి. తూకం 60 గ్రాములు చూపితే అవి అచ్చు బిళ్ళలే. అయినా వారసుల మధ్య వచ్చే తగాదాలలో ‘అమ్మమ్మ హారంలో నలభై కాసులు ఉన్నాయి’ అన్న మాటను ఒకరు నలభై నాణేలుగా, మరొకరు నలభై బిళ్ళలుగా లెక్కించుకుంటారు. రెండు లెక్కల మధ్య తేడా అయిదు రెట్లకు పైనే.

పాత పత్రాలలో కొలతలు కూడా ఇలాంటి గందరగోళానికే దారి తీస్తాయి. తెలంగాణలో వాడుకలో ఉన్న తులం నేటి దుకాణంలో పది గ్రాములు. మెట్రిక్ కొలతలు రాకముందు అది 11.66 గ్రాములు. అందువల్ల పాత వీలునామాలో ‘అయిదు తులాలు’ అని ఉంటే నేటి వాడుక ప్రకారం 50 గ్రాములు, రాసిన కాలపు కొలత ప్రకారం 58.3 గ్రాములు. పత్రం ఏ సంవత్సరానిదో చూడకుండా లెక్క మొదలుపెట్టడం సరికాదు.

బరువు నుంచి ధర దాకా

నగ తూకాన్ని ఆనాటి ధరతో గుణించి వచ్చిన మొత్తాన్నే విలువ అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుంటే తేడా తెలుస్తుంది. ఒక కాసుల పేరు మొత్తం 92 గ్రాములు తూగింది. అందులో కెంపులు, పచ్చలు 6 గ్రాములు, లోపల నింపిన లక్క, గుచ్చిన దారం 4 గ్రాములు పోగా లోహం 82 గ్రాములు. కొండీల దగ్గర తక్కువ వన్నె అతుకులు ఎక్కువగా ఉండడం వల్ల మొత్తం మీద మేలిమి 88 శాతమే వచ్చింది. అంటే 72.16 గ్రాముల మేలిమి బంగారం. లెక్క సులువు కోసం గ్రాము మేలిమి ధర 10,000 రూపాయలు అనుకుంటే విలువ 7,21,600 రూపాయలు. అదే హారాన్ని 92 గ్రాముల 22 క్యారెట్ల బంగారంగా భావించిన వారసుడి లెక్కలో విలువ 8,43,000 రూపాయలు దాటుతుంది. ఆ లక్షా ఇరవై వేల తేడాకు దుకాణదారుడి మోసమే కారణమని అనుకోవడం తేలిక. అలాంటి మోసాలు లేవని కాదు గాని, ఈ ఉదాహరణలో ఉన్నది రాళ్ళు, లక్క, అతుకుల బరువే.

నగ కొన్నప్పుడు చెల్లించిన తరుగు, మజూరీ తిరిగి అమ్మేటప్పుడు రావు. పనితనానికి విలువ లేదని దీని అర్థం కాదు. పాత నగను కరిగించడానికే కొనే వ్యాపారికి ఆ పనితనంతో అవసరం ఉండదు, అంతే. నగను నగగానే కొనేవారు దొరికితే ధర వేరుగా ఉంటుంది, అయితే అలాంటి కొనుగోలుదారులను వెతకడానికి సమయం కావాలి. లాకరు పంచుకుంటున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు సాధారణంగా ఆ ఓపిక ఉండదు.

వన్నె తేల్చే పద్ధతుల నమ్మకం కూడా ఒకేలా ఉండదు. గీటురాయి మీద గీసి, ఆమ్లం వేసి రంగు చూసే పద్ధతి అనుభవజ్ఞుడి చేతిలో స్థూలమైన అంచనా ఇస్తుంది. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం నగకు హాని చేయకుండా నిమిషాలలో ఫలితం చెబుతుంది, కానీ అది పరీక్షించేది పైపొరనే. దళసరి పూత ఉన్న వస్తువునూ, లోపల వేరే లోహం నింపిన దానినీ అది పట్టుకోలేకపోవచ్చు. ఖచ్చితమైనది పుటం పెట్టి వేరుచేసే పరీక్ష. దానికి కొంత బంగారాన్ని కోసి ఇవ్వాలి. నాణేల నగలో యంత్రాన్ని ఎక్కడ ఉంచి చూశారన్నది ముఖ్యం: నాణెం మధ్యలో చూస్తే 91.6 శాతం రావచ్చు, కొండీ అతికిన చోట చూస్తే బాగా తగ్గవచ్చు. ఒక్క చోట చూసిన ఫలితాన్ని మొత్తం నగకు వర్తింపజేయడం ఏ దిశలోనైనా తప్పే.

2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయిన హాల్‌మార్కింగ్, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య కొత్త నగల విషయంలో ఈ అనిశ్చితిని చాలావరకు తొలగించాయి. లాకర్లలో దశాబ్దాలుగా ఉన్న నగలకు ఆ ముద్ర ఉండదు. అలాంటి వాటిని భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తించిన పరీక్షా కేంద్రానికి నేరుగా తీసుకువెళ్ళి, రుసుము చెల్లించి నివేదిక పొందే వీలు వినియోగదారులకు ఉంది. కొనబోయే దుకాణమే పరీక్ష కూడా చేయడం కంటే ఇది మేలైన మార్గం.

బంగారు రుణాల విషయంలో రిజర్వు బ్యాంకు అనుసరించమన్న పద్ధతి ఇంటి లెక్కకు కూడా పనికివస్తుంది. రుణదాతలు రాళ్ళ విలువను కలపకుండా బంగారాన్ని మాత్రమే లెక్కించాలి. గత 30 రోజుల సగటు ధర, ముందురోజు ముగింపు ధర ఈ రెండింటిలో తక్కువదాన్ని తీసుకోవాలి. ధర వేగంగా పెరుగుతున్న రోజులలో ఈ లెక్క మార్కెట్టు కంటే కొంత వెనుకబడి ఉంటుంది. అయితే పంపకాలలో ఒకరు నగను, మరొకరు డబ్బును తీసుకునేటప్పుడు ఒక్కరోజు ధర మీద ఆధారపడకుండా సగటు తీసుకోవడం వల్ల తరువాతి మాటపట్టింపులు తగ్గుతాయి.

నాణెంగా అదనపు విలువ ఎప్పుడు

పాత నాణెం కాబట్టి బంగారం కంటే ఎన్నో రెట్లు పలుకుతుందన్న ఆశ చాలామందిలో ఉంటుంది. సావరిన్ల విషయంలో అది అరుదుగానే నిజమవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో లండన్, సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్ టంకశాలలు వీటిని భారీ సంఖ్యలో ముద్రించాయి. 1918లో బొంబాయిలో కూడా సావరిన్లు ముద్రించారు. వాటి మీద ‘ఐ’ అనే ఆంగ్ల అక్షరం టంకశాల గుర్తుగా ఉంటుంది. భారతీయ సేకర్తలకు వాటి మీద ఆసక్తి ఉన్నా, అవీ అంత అరుదైనవి కావు. సాధారణ సంవత్సరాల సావరిన్‌కు లోహపు విలువ మీద చిన్న అదనపు మొత్తమే వస్తుంది.

ఆ చిన్న మొత్తాన్ని కూడా నగ చేయడం తుడిచేస్తుంది. కొండీ అతికించడానికి నాణెం అంచును వేడి చేస్తారు, కొన్నిసార్లు రంధ్రం చేస్తారు. ఏళ్ళ తరబడి మెడలో రాపిడికి బొమ్మలోని గీతలు అరిగిపోతాయి. తరువాత కొండీ తీసి మెరుగుపెట్టినా సేకర్త కంటికి అతుకు జాడ కనిపిస్తుంది. అందువల్ల నాణేల వ్యాపారి ఇలాంటి సావరిన్‌ను లోహపు ధరకే తీసుకుంటాడు. ఇది కఠినంగా అనిపించినా, సావరిన్ల హారం ఉన్న కుటుంబానికి కరిగింపు ధరే నిజాయితీ అయిన విలువ.

వేరుగా చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. విజయనగర కాలపు వరహా సుమారు 3.4 గ్రాములే తూగుతుంది; లోహపు విలువ తక్కువ కావడం వల్ల చారిత్రక విలువ దాని మీద చెప్పుకోదగిన నిష్పత్తిలో ఉంటుంది, పైగా ఏ రాజుది, ఏ బొమ్మది అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. మొగలు మొహర్లు, చార్మినార్ బొమ్మతో హైదరాబాద్ రాజ్యం ముద్రించిన అష్రఫీలు కూడా ఈ కోవలోకే వస్తాయి. ఇలాంటి నాణెం హారం మధ్యలో పతకంగా ఉన్నప్పుడు మిగిలిన బిళ్ళలతో కలిపి తూచి అమ్మడం వల్ల నష్టం జరుగుతుంది. వాటిని విడిగా నాణేల నిపుణుడికి చూపాలి, అంతకుముందు రసాయనాలతో శుభ్రం చేయకూడదు.

నకిలీల విషయం కొంత విచిత్రమైనది. గత శతాబ్దం మధ్యకాలంలో ఇటలీ, లెబనాన్ వంటి చోట్ల తయారైన నకిలీ సావరిన్లలో చాలావాటిలో బంగారం దాదాపు పూర్తిగానే ఉంటుంది. టంకశాలది కాకపోయినా లోహపు విలువ పోదు. పూత పూసిన ఇత్తడి నకిలీలు వేరు. వాటిని బరువు, వ్యాసం, మందం కలిపి కొలిస్తే పట్టుకోవచ్చు. ఇత్తడి, రాగి వంటి చవక లోహాలకు బంగారమంత సాంద్రత లేకపోవడం వల్ల వాటితో సరైన కొలతలో సరైన బరువు తేవడం నకిలీదారుకు కష్టం.

లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు

డిపాజిట్టుకూ లాకరుకూ మధ్య మౌలికమైన తేడా ఉంది. డిపాజిట్టు మొత్తం బ్యాంకు పుస్తకాలలో ఉంటుంది. పదేళ్ళు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల విద్య, అవగాహన నిధికి వెళుతుంది. అసలు హక్కుదారు తరువాత వచ్చినా తిరిగి పొందవచ్చు. 2023లో వచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు పెట్టి అలాంటి డిపాజిట్లను వెతకవచ్చు. లాకరులోని వస్తువులకు ఈ నిధీ వర్తించదు, ఈ పోర్టలూ వర్తించదు. తండ్రికి ఏ ఊరి శాఖలో లాకరు ఉందో తెలియని కుమార్తె పాస్‌పుస్తకంలో ఏటా కోత పడిన అద్దె పద్దును వెతుక్కోవలసిందే.

విలువ రుజువు చేయడం ఎంత కష్టమో అమితాభ దాస్‌గుప్తా కేసు చూపింది. అద్దె బాకీ ఉందని బ్యాంకు లాకరును పగలగొట్టింది. అందులో ఏడు నగలు ఉన్నాయని ఖాతాదారు వాదించగా, తిరిగి వచ్చినవి రెండే. 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు బ్యాంకు నిర్లక్ష్యానికి 5 లక్షల రూపాయల పరిహారం విధించింది, లాకర్ల నిర్వహణ మీద ఆరు నెలలలో నిబంధనలు తేవాలని రిజర్వు బ్యాంకును ఆదేశించింది. కానీ లాకరులో అసలు ఏ నగలు ఉన్నాయి, వాటి విలువ ఎంత అన్న వివాదం మాత్రం సాక్ష్యాలతో సివిల్ కోర్టులో తేల్చుకోవలసిన విషయంగానే మిగిలింది.

ఆ ఆదేశం ఫలితంగా 2021 ఆగస్టు 18న నిబంధనలు వెలువడి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు ఉంటుంది. ఏడాది అద్దె 3,000 రూపాయలైతే గరిష్ఠంగా 3 లక్షలు. పైన లెక్క వేసిన ఒక్క హారమే అంతకు రెట్టింపు దాటింది. పైగా లాకరులోని వస్తువులకు బీమా అమ్మకూడదని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. బీమా కావాలంటే విడిగా బీమా సంస్థ వద్దకు వెళ్ళాలి.

ఏడేళ్ళ గడువు, జాబితా

వరుసగా మూడేళ్ళు అద్దె చెల్లించకపోతే లాకరును పగలగొట్టే అధికారం బ్యాంకుకు ఉంది. అంతగా తెలియని నిబంధన మరొకటి: ఏడేళ్ళపాటు లాకరును తెరవక, హక్కుదారు ఆచూకీ దొరకకపోతే, అద్దె క్రమం తప్పకుండా జమ అవుతున్నా సరే బ్యాంకు అందులోని వస్తువులను నామినీకో, వారసులకో అప్పగించవచ్చు, లేదా పారదర్శక పద్ధతిలో విక్రయించవచ్చు. ఖాతా నుంచి అద్దె దానంతటదే కోత పడేలా ఏర్పాటు చేసి, విదేశంలో స్థిరపడి, పాత ఫోను నంబరు, పాత చిరునామా మార్చకుండా వదిలేసిన ప్రవాసులకు ఇది నేరుగా వర్తించే ప్రమాదం.

పగలగొట్టే ముందు ఉత్తరం, ఈమెయిలు, ఎస్సెమ్మెస్ ద్వారా తెలియజేయాలి. ఉత్తరం తిరిగివస్తే ఒక ఆంగ్ల పత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో బహిరంగ ప్రకటన ఇవ్వాలి. బ్యాంకు అధికారి, ఇద్దరు స్వతంత్ర సాక్షుల సమక్షంలో తెరిచి, వీడియో తీసి, జాబితా రాసి, వస్తువులను సీలు వేసిన కవరులో అగ్నినిరోధక భద్రపేటికలో ఉంచాలి.

చిక్కు జాబితా రాసే చోట వస్తుంది. బ్యాంకు అధికారి కంసాలి కాడు, నాణేల నిపుణుడు అంతకన్నా కాడు. ‘పసుపు రంగు లోహపు గొలుసు, ఒకటి’ అని రాయడం ఆయన వైపు నుంచి జాగ్రత్త; బంగారం అని రాస్తే తరువాత వన్నె మీద వివాదం వస్తుంది. అయితే ఆ ఒక్క వాక్యంలో సావరిన్ల హారం, అచ్చు బిళ్ళల హారం, వరహా పతకం అన్నీ ఒకటైపోతాయి. వారసులు జాబితా సమయంలో హాజరు కాగలిగితే ఒక్కో వస్తువు తూకం, కాసుల సంఖ్య, నాణెం మీది సంవత్సరం, బొమ్మ రాయించమని కోరడం సమంజసం. నిబంధన దానికి అడ్డు చెప్పదు.

అమెరికాలో వేరే దారి

అమెరికాలో ఎవరూ అడగని లాకరు వస్తువులు బ్యాంకు దగ్గర ఉండిపోవు. రాష్ట్రాన్ని బట్టి కొన్నేళ్ళ గడువు తరువాత అవి రాష్ట్ర ప్రభుత్వపు కోశాధికారికో, కంట్రోలరుకో చేరతాయి. కాలిఫోర్నియాలో ఆ గడువు మూడేళ్ళు. ప్రభుత్వం కొంతకాలం ఉంచి, వస్తువులను వేలం వేసి, వచ్చిన డబ్బును హక్కుదారు పేరిట నిలుపుతుంది. ఈ పద్ధతిలో వెతకడానికి బహిరంగ వెబ్‌సైట్లు ఉన్నాయి, క్లెయిముకు స్పష్టమైన దారి ఉంది. మన దేశంలో లాకర్లకు ఇంతవరకు లేని సౌకర్యం ఇది.

కానీ వేలం జరిగిన క్షణంలో హక్కు వస్తువు మీద నుంచి డబ్బు మీదికి మారుతుంది. బంగారం ధర తరువాత మూడింతలైనా హక్కుదారుకు వచ్చేది ఆనాటి వేలం మొత్తమే. లక్ష్మీ కాసుల హారం వంటి నగ అక్కడి వేలంలో ఎక్కువగా లోహంగానే చూడబడుతుంది. అక్కడి తెలుగు కుటుంబాలు సేఫ్ డిపాజిట్ పెట్టెలలో నగలు ఉంచడం మామూలే కనుక, చిరునామా మారినప్పుడు బ్యాంకుకు తెలపడం మీద చాలా ఆధారపడి ఉంటుంది. భారత పద్ధతిలో వస్తువు అలాగే మిగిలే అవకాశం ఎక్కువ, దాన్ని కనుగొనే అవకాశం తక్కువ. అమెరికా పద్ధతిలో ఇది తారుమారు.

నామినీ, వారసుడు, పన్ను

2025 నవంబరు 1 నుంచి లాకర్లకు నలుగురి వరకు నామినీలను వరుస క్రమంలో పేర్కొనవచ్చు: మొదటివారు లేనప్పుడే రెండోవారికి అవకాశం వస్తుంది. డిపాజిట్లకు మాదిరిగా వాటాలుగా పంచే వీలు లాకర్లకు లేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన క్లెయిము పరిష్కార నిబంధనల ప్రకారం పత్రాలన్నీ అందిన 15 రోజులలో బ్యాంకు క్లెయిమును పరిశీలించి, జాబితాకు తేదీ నిర్ణయించాలి. లాకర్ల విషయంలో ఆలస్యానికి రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి. నామినీకి తాళం దక్కినంత మాత్రాన యాజమాన్యం దక్కదు. ఇతర వారసుల హక్కులు అలాగే ఉంటాయి.

వారసత్వంగా వచ్చిన నగ మీద పన్ను లేదు; అమ్మినప్పుడు ఉంది. పూర్వపు యజమాని 2001 ఏప్రిల్ 1కి ముందే పొందిన నగ అయితే ఆనాటి మార్కెట్టు విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. పూర్వ యజమాని కాలం కూడా కలిపి 24 నెలలు దాటితే లాభం మీద 12.5 శాతం పన్ను, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా. 2001 నాటి విలువకు నమోదిత వాల్యుయర్ నివేదిక అవసరం కాగా, ఆ నివేదికకు నికర బరువు, వన్నె కావాలి.

విదేశాలలోని వారసులు నగను వెంట తీసుకువెళ్ళాలనుకుంటే మరో అడ్డంకి ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. వరహాలకే కాదు, ఏడో ఎడ్వర్డు బొమ్మ ఉన్న మామూలు సావరిన్‌కు కూడా ఆ వయసు నిండింది. పురావస్తువు కాదన్న ధ్రువపత్రాన్ని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ఇస్తుంది. వందేళ్ళు నిండని అచ్చు బిళ్ళల హారానికి ఈ ఇబ్బంది రాదు. ఆ రెండూ ఒకే హారంలో ఉన్నప్పుడు, నాణెం మీది సంవత్సరం రాసి ఉన్న జాబితా ప్రయాణానికి ముందే అక్కరకు వస్తుంది.